సబ్‌టైటిల్‌లో లేని మాట

లక్ష్మీప్రసన్న డ్రమ్స్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాది దాటింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదని ఆమె నమ్మకం.

వాళ్ళది పాలకొల్లు. నాన్న నాగేశ్వరప్రసాద్‌కి మెయిన్ బజారులో స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు ఉంది. పెళ్ళిళ్ళ రోజుల్లో బిందెలూ గంగాళాలూ కొట్టు దాటి రోడ్డు మీదికి వచ్చేస్తాయి. ఆషాఢంలో మాత్రం ఆయన కుర్చీలో కూర్చుని పేపరు రెండుసార్లు చదువుకోవలసిందే. తల్లి జగదాంబ ఇంటిపట్టునే ఉంటుంది. ప్రసన్నకి పంతొమ్మిదేళ్ళు. నరసాపురంలో ఆడపిల్లల కాలేజీలో బీకామ్ మూడో సంవత్సరం చదువుతోంది. పొద్దున్న రైలెక్కితే పావుగంటలో నరసాపురం, సాయంత్రం ఐదింటి రైలుకి మళ్ళీ ఇల్లు.

కాలేజీలో ఆమెకి మొదటి రోజునే కలిసిన స్నేహితురాలు దీనమ్మ. దీనమ్మ ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. వాళ్ళ నాన్న చిట్టియ్య గారు రేవులో, జనాన్ని గోదావరి దాటించే పంటు దగ్గర టిక్కెట్లు ఇస్తారు. చర్చికి సంఘ పెద్ద కూడా ఆయనే, తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. దీనమ్మ అన్నయ్య ఉద్యోగానికి విశాఖపట్నం వెళ్ళిపోయాక, అతను వాయించే డ్రమ్ సెట్టు చర్చిలో ఒక మూల దుప్పటి కప్పుకుని ఉండిపోయింది. ఒక శనివారం మధ్యాహ్నం దీనమ్మ కీబోర్డు సాధన చేసుకుంటుంటే, ఊరికే కూర్చోలేక ప్రసన్న ఆ దుప్పటి తీసింది. ఆ వేళ రెండు గంటలు వాయించింది. వాయించింది అనడం కంటే కొట్టింది అనడం నిజం. మరుసటి శనివారం ఇంట్లో స్పెషల్ క్లాసని చెప్పి మళ్ళీ వెళ్ళింది. ఫోన్లో పాఠాలు చూసి, పిక్కలు నొప్పెట్టేదాకా కాలితో కిక్ పెడల్ తొక్కుతూ, ఆరు నెలలకి ఒక పాట మొదట్నుంచి చివరిదాకా తప్పు లేకుండా వాయించగలిగింది. హాస్టల్లో ఉండే లోవ అనే అమ్మాయి పాడడానికి వీళ్ళతో చేరింది. ఈ ఏడు ఫ్రెషర్స్ డేకి ముగ్గురూ కలిసి మూడు పాటలు చేస్తామని కాలేజీలో పేర్లు కూడా ఇచ్చేశారు.

అంతలో జూన్ నెలలో, కాలేజీ తెరిచిన రెండో శనివారం, చిట్టియ్య గారు చర్చి గుమ్మం దగ్గర ప్రసన్నని ఆపేశారు. ఇక మీదట నువ్వు ఇక్కడికి రావద్దమ్మా అన్నారు. ఎందుకండీ అని అడిగితే ఆయన నేల చూపులు చూశారు. ఇంకేమీ అడగొద్దు, నీ మేలుకే చెబుతున్నాను అన్నారు. లోపల ఉన్న దీనమ్మ బయటికి వచ్చి, ఏమైందని తండ్రిని అడిగింది. ఆమెని కూడా ఆయన లోపలికి పొమ్మన్నారు.

ప్రసన్నకి ఆ రోజు రైల్లో కన్నీళ్ళు ఆగలేదు. తను వాళ్ళ సంఘం మనిషి కాదు కాబట్టే వద్దన్నారని ఆమెకి తోచింది. ఏడాది పాటు పనికొచ్చిన మనిషి ఇప్పుడు ఎందుకు పనికిరాలేదో అర్థం కాలేదు. సోమవారం కాలేజీలో దీనమ్మ మాట్లాడబోతే, మీ చర్చి మీరే ఉంచుకోండి అనేసింది. క్లాసులో దీనమ్మ పక్కనుంచి లేచి వెనక బెంచీకి వెళ్ళి కూర్చుంది. లోవ అటూ ఇటూ తిరిగి చూసింది గానీ ఇద్దర్నీ కలపలేకపోయింది. ఫ్రెషర్స్ డే జాబితాలో వీళ్ళ పేర్లు అలాగే ఉన్నాయి. కొట్టేయించడానికి ఎవరూ వెళ్ళలేదు.

జూలై మధ్యలో ఒక శుక్రవారం, ఇంగ్లీషు లెక్చరర్ సూర్యకళ గారు సెమినార్ హాల్లో ఒక సినిమా వేశారు. నెలకొక సినిమా చూపించడం ఆవిడ అలవాటు. ఆ రోజుది ఏదో చలిదేశం సినిమా. ఆ భాష ఎవరికీ రాదు, కింద ఇంగ్లీషులో మాటలు పడుతుంటాయి. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. ముగ్గురు అమ్మాయిలు రాక్ బ్యాండ్ పెట్టుకుంటారు. ఒకమ్మాయి గిటారు, ఒకమ్మాయి పాట, మూడో అమ్మాయి డ్రమ్స్. చేపలు దాచే పాత ఐసు ఫ్యాక్టరీలో, నోట్లోంచి పొగలొచ్చే చలిలో సాధన చేస్తుంటారు. డ్రమ్స్ అమ్మాయి తండ్రి చేపల వ్యాపారి. ఆ అమ్మాయి ఏడాది పాటు చేపలు కోసే పనికి వెళ్ళి, ఆ కూలితో పాత డ్రమ్ సెట్టు కొనుక్కుంటుంది.

ప్రసన్న చీకట్లో గోడవారగా కూర్చుని చూస్తోంది. తెర మీద ఆ అమ్మాయి మొదటిసారి స్టిక్స్ చేతిలోకి తీసుకున్నప్పుడు, ప్రసన్న కుడికాలు తనంతట తానే నేల మీద తాళం వేయడం మొదలుపెట్టింది. రెండు వరసల ముందు దీనమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసి మళ్ళీ తెర వైపు తిరిగింది. సినిమా సగం దాటిందో లేదో, బ్యాంకు పరీక్షల కోచింగు వాళ్ళకి హాలు కావలసి వచ్చిందని ఆఫీసునుంచి కబురొచ్చింది. సూర్యకళ గారు ప్రొజెక్టరు ఆపేశారు. అందరూ బ్యాగులు సర్దుకుని వెళ్ళిపోయారు. ప్రసన్న మాత్రం టేబులు దగ్గరికి వెళ్ళి, మిగతా సినిమా తను చూడాలని, పెన్‌డ్రైవ్ ఇస్తారా అని అడిగింది. సోమవారం తెచ్చివ్వమని చెప్పి ఆవిడ ఇచ్చేశారు.

రైల్లో కూర్చున్నాక ప్రసన్న ఒక నిర్ణయానికి వచ్చింది. చర్చిలో ఎవరు రానిచ్చినా రానివ్వకపోయినా తను డ్రమ్స్ వదలదు. ఎక్కడో ఒక చోట వెతుక్కుంటుంది. కానీ ఇంట్లో దాచిపెట్టి మాత్రం ఇక నడపదు. ఆదివారం లోపల నాన్నకి చెప్పేయాలి. ఎలా చెప్పాలో తెలియలేదు. నాన్న అరిచే మనిషి కాదు. నచ్చని మాట వింటే లేచి కొట్టుకి వెళ్ళిపోతారు. ఆయన లేచి వెళ్ళిపోకుండా ఎదురుగా కూర్చోబెట్టాలంటే ఆ సినిమాయే మార్గమనిపించింది. బ్యాండ్ పెట్టుకున్న ఆడపిల్లల్ని ఆయన ముందు కళ్ళతో చూస్తే, తర్వాత తను చెప్పే మాట మరీ అంత కొత్తగా ఉండదనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూసి, భోజనం చేసి, నాగేశ్వరప్రసాద్ దివాను మీద వాలారు. బయట సన్నగా వాన పడుతోంది. జగదాంబ కింద చాప మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. ప్రసన్న టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి, కాలేజీలో చూపించిన సినిమా, మీరు కూడా చూడండి అంది. ఏ భాష అని ఆయన అడిగారు. తెలియని భాషేనని, కింద పడే ఇంగ్లీషు తను తెలుగులో చదివి చెబుతానని అంది. ఆషాఢం ఆదివారం ఆయనకి వేరే పని కూడా లేదు. సరే పెట్టు అన్నారు.

సినిమా మొదలైంది. ప్రసన్న టీవీ పక్కన పీట వేసుకుని కూర్చుని మాటలన్నీ తెలుగులో చెప్పసాగింది. సగం వరకూ తను చూసిందే కాబట్టి తడబడలేదు. గిటారు అమ్మాయికి గొంతు కాస్త గరుకుగా పెట్టింది, పాడే అమ్మాయికి సాగదీసే మాట తీరు పెట్టింది. జగదాంబ రెండుసార్లు నవ్వింది. డ్రమ్స్ అమ్మాయి మాటలు మాత్రం ప్రసన్న తన మామూలు గొంతుతోనే చెప్పింది. ఆ అమ్మాయి తండ్రిని నాన్నా, నువ్వు అని పిలిచినట్టు చెప్పింది. తను తన నాన్నని ఏనాడూ అలా పిలవలేదు.

నాగేశ్వరప్రసాద్‌కి సినిమాలో వేరే సందేహాలు వచ్చాయి. ఆ ఐసు ఫ్యాక్టరీకి కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారని అడిగారు. అంత చలిలో చేతులకి ఏమీ తొడుక్కోకుండా చేపలు ఎలా కోస్తారని అడిగారు. ఆ అమ్మాయి డ్రమ్ సెట్టు కొనుక్కునే చోట బేరం ఆడిన తీరు చూసి, పిల్లకి వ్యాపారం వచ్చు అన్నారు. ఒక గంట గడిచేసరికి ఆయన దివాను మీద వాలడం మానేసి గోడకి చేరగిలబడి కూర్చున్నారు.

ఇక ప్రసన్న చూడని భాగం వచ్చింది. డ్రమ్స్ అమ్మాయి ఒక రోజు ఐసు ఫ్యాక్టరీ తలుపు తీస్తే లోపల డ్రమ్ సెట్టు లేదు. నేల మీద అది ఉన్న చోట దుమ్ము లేని గుండ్రటి గుర్తులు మాత్రం ఉన్నాయి. తండ్రి దాన్ని పక్క ఊళ్ళో ఎవరికో అమ్మేశాడు.

నాగేశ్వరప్రసాద్ ముందుకి వంగారు. "అడక్కుండా అమ్మేశాడా?"

"అవునండి."

"ఆ పిల్ల సొంత కష్టంతో కొనుక్కుందన్నావు కదా ఇందాక."

"అవునండి."

"అయితే అది తప్పు," అన్నారాయన. "మనది కాని సరుకు మనం అమ్మకూడదు. కూతురిదైనా సరే."

ప్రసన్న తండ్రి ముఖం వైపు చూసింది. ఆయన తెర వైపే చూస్తున్నారు. తెర మీద ఆ అమ్మాయి పరిగెత్తుకుంటూ రేవుకి వచ్చింది. తండ్రి చేపలు తూకం వేస్తున్నాడు. అమ్మాయి ఆయన ఎదురుగా నిలబడింది. ఏదో అంటుందని ప్రసన్న కింది అక్షరాల కోసం ఎదురుచూసింది. అక్షరాలు రాలేదు. అమ్మాయి ముఖం మాత్రమే తెర నిండా ఉంది. గాలికి జుట్టు ఎగురుతోంది, పెదాలు బిగించి ఉన్నాయి. అలా చాలాసేపు ఉండిపోయింది ఆ ముఖం.

ప్రసన్న గొంతు వినపడింది.

"నాన్నగారూ, నేను డ్రమ్స్ వాయిస్తానండి. ఏడాది పైన అయింది నేర్చుకుని. మీకు చెప్పకుండా నేర్చుకున్నాను. స్పెషల్ క్లాసులని అబద్ధం చెప్పాను. అది నా తప్పే. కానీ డ్రమ్స్ మాత్రం మాననండి. మీరు కోప్పడినా మానను. బయటివాళ్ళు ఎవరో మీకు చెప్పేలోపల నేనే చెప్పాలనుకున్నాను."

జగదాంబ గోరుచిక్కుళ్ళ పళ్ళెం పక్కన పెట్టేసింది. తెర మీద తండ్రి ఇంకో చేపని తక్కెట్లో వేశాడు.

నాగేశ్వరప్రసాద్ తెర వైపు చూస్తూనే అన్నారు. "ఇందాకటి దాకా ఆ పిల్ల వాళ్ళ నాన్నని నువ్వు అంటోంది. ఇప్పుడు మీరు అంటోందేంటి? పైగా నోరు కూడా మెదపలేదు."

ప్రసన్న రిమోట్ తీసుకుని సినిమా ఆపింది. 

"అది నేనండి," అంది.

ఆయన లేచి కొట్టుకి వెళ్ళిపోతారని ఆమె అనుకుంది. ఆదివారమని గుర్తొచ్చింది. ఆయన లేవలేదు. దివాను అంచున కూర్చుని తన అరచేతులు చూసుకున్నారు.

"నాకు తెలుసు," అన్నారు. "డ్రమ్స్ సంగతి నాకు జూన్‌లోనే తెలుసు."

తర్వాత ఆయన మెల్లగా చెప్పారు. ఆయన పినతండ్రి కొడుకు మురళీకృష్ణకి బజారులోనే ఎరువుల కొట్టు. జూన్‌లో పని మీద నరసాపురం వెళ్ళి, చర్చి ముందునుంచి పోతూ కిటికీలోంచి ప్రసన్నని చూశాడు. తిరిగొచ్చి నలుగురున్న చోట నవ్వుతూ చెప్పాడు. నాగేశ్వరప్రసాద్‌కి తల కొట్టేసినట్టయింది. మరుసటి రోజు స్కూటరు మీద నరసాపురం వెళ్ళి, రేవులో చిట్టియ్య గారిని పక్కకి పిలిచి, మా అమ్మాయిని ఇక రానివ్వకండి, నేను వచ్చి చెప్పినట్టు తనకి తెలియనివ్వకండి అని మాట తీసుకున్నారు. కూతురితో ఎదురెదురుగా గొడవ పడకుండా పని జరిగిపోతుందనుకున్నారు.

"ఆయన మాట మీద నిలబడ్డాడన్నమాట," అన్నారు చివరికి. "నీకు చెప్పలేదు."

ప్రసన్నకి ముందు కోపం రాలేదు. వెనక బెంచీ గుర్తొచ్చింది. దీనమ్మ రోజూ ఒకసారి వెనక్కి తిరిగి చూడడం, తను కిటికీలోకి చూడడం గుర్తొచ్చాయి. మీ చర్చి మీరే ఉంచుకోండి అన్న మాట గుర్తొచ్చింది. ఆ తర్వాత వచ్చింది కోపం.

"మీరు నన్ను తిట్టి ఉంటే బాగుండేదండి," అంది. "నెల రోజులనుంచి నేను దీనమ్మతో మాట్లాడడం లేదు. వాళ్ళే నన్ను గెంటేశారనుకున్నాను."

 జగదాంబ భర్త వైపు తిరిగి, నాకైనా చెప్పలేదేంటండి అని మాత్రం అడిగింది. 

చిట్టియ్య గారికి ఫోన్ చేసి, చెప్పిన మాట వెనక్కి తీసుకోమని ప్రసన్న తండ్రిని అడిగింది. ఒక పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి బతిమాలి చెప్పించుకున్న మాటని, నెల తిరక్కుండా తనే కాదనడం ఎలా కుదురుతుందని ఆయన అన్నారు. బజారులో నలుగురికీ మళ్ళీ నోటికి పని కల్పించడమే అవుతుందన్నారు. గట్టిగా అనలేదు. ప్రసన్న కూడా గొంతు పెంచలేదు. అయితే రేపు తనే వెళ్ళి చిట్టియ్య గారికి నిజం చెబుతానని, నాన్నకి తెలియకుండా మాత్రం ఏదీ చేయనని అంది. 

"ముందు సినిమా పూర్తి చేద్దాం," అని ప్రసన్న మళ్ళీ రిమోట్ నొక్కింది.

మిగతా అరగంటా మాటలన్నీ ఆమే చెప్పింది. ఎక్కడా ఆపలేదు. డ్రమ్స్ అమ్మాయి చేపల పెట్టెలు బోర్లించి, వాటి మీద కర్రలతో వాయించడం నేర్చుకుంది. పక్క పట్నంలో జరిగే బ్యాండ్ల పోటీకి వెళ్ళడానికి ఆ ముగ్గురికీ వీలు పడలేదు. చివరికి ఆ ఊరి చేపల వేలం షెడ్డులో, గొడుగులు పట్టుకుని నిలబడిన ముప్ఫై నలభై మంది ఎదుట ఒకే ఒక్క పాట వాయించారు. అక్కడితో సినిమా అయిపోయింది.

"అంతేనా? ప్రైజేమీ రాలేదా?" అన్నారు నాగేశ్వరప్రసాద్.

"రాలేదండి."

"మరి వాళ్ళ నాన్న?"

"షెడ్డు బయట నిలబడ్డాడు. మీరు చూశారు కదండి."

ఆయన లేచి, వాన తగ్గిందేమో చూడడానికి వీధిలోకి వెళ్ళారు.

సోమవారం ప్రసన్న వెనక బెంచీకి వెళ్ళలేదు. దీనమ్మ పక్కన తన పాత చోట బ్యాగు పెట్టింది. దీనమ్మ చూసి చూడనట్టు పుస్తకం తెరిచింది. మొదటి పీరియడ్ అయ్యాక ప్రసన్న ఆమెని వరండాలోకి పిలిచి జరిగినదంతా చెప్పింది. తను అన్న మాటకి క్షమించమని అడిగింది. దీనమ్మ మొదట నమ్మలేదు. నమ్మాక ఆమె ముఖం ఎర్రబడింది.

"నెల రోజులు," అంది దీనమ్మ. "నేనేం చేశానో తెలియక రాత్రీ పగలూ ఆలోచించాను. మా నాన్నని ఎన్నిసార్లు అడిగానో. ఆయనా నోరు విప్పలేదు. నువ్వు ఒక్కసారి నన్ను అడిగి ఉండొచ్చు కదా."

"ఉండొచ్చు," అంది ప్రసన్న. "అడగలేదు. తప్పు నాది."

దీనమ్మ క్షమించానని అనలేదు. సాయంత్రం దాకా ముభావంగానే ఉంది. కానీ మూడింటికి ఆఖరి క్లాసు అయ్యాక తనే ముందు బ్యాగు భుజాన వేసుకుని, పద, రేవుకి వెళ్దాం అంది. సంగతి విన్న లోవ హాస్టలుకి వెళ్ళకుండా వాళ్ళ వెంటే నడిచింది.

గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చి రెండు రోజులైంది. వరద ఉద్ధృతికి పంటు ఆపేశారు. అవతలి ఒడ్డుకి వెళ్ళాల్సినవాళ్ళు అక్కడక్కడ గొడుగుల కింద నిలబడి నీళ్ళని చూస్తున్నారు. చిట్టియ్య గారు టిక్కెట్ల గది అరుగు మీద ఖాళీగా కూర్చున్నారు. ముగ్గురు పిల్లలూ కలిసి రావడం చూసి ఆయనకి విషయం అర్థమైనట్టుంది, లేచి నిలబడ్డారు.

నాన్నగారు తనకి అంతా చెప్పేశారని ప్రసన్న అంది. మీరు మాట నిలబెట్టుకున్నారు, మిమ్మల్ని తప్పుగా అనుకున్నందుకు నన్ను క్షమించండి అంకుల్ అంది. ఇక దాచడానికి ఏమీ లేదు కాబట్టి శనివారం నుంచి మళ్ళీ సాధనకి వస్తానని చెప్పింది.

చిట్టియ్య గారు వెంటనే సరేననలేదు. తండ్రీకూతుళ్ళ మధ్య తను దూరడం న్యాయం కాదన్నారు. మీ నాన్న నా చేతులు పట్టుకుని అడిగాడమ్మా, ఆయన నోటితో చెబితే తప్ప తాళం తీయలేను అన్నారు. ఆ మాట ఎంత మెత్తగా అన్నా, ఆయన కదలడని ప్రసన్నకి తెలిసింది.

ఆమె ఫోన్ తీసి తండ్రికి చేసింది. కొట్టులో ఎవరో కొనేవాళ్ళు ఉన్నట్టు గిన్నెల చప్పుడు వినపడింది.

"నాన్నగారూ, నేను నరసాపురం రేవులో చిట్టియ్య గారి దగ్గరున్నానండి. ఆయన మీ మాట కోసం చూస్తున్నారు. ఫోన్ ఆయనకి ఇస్తున్నాను," అంది. ఆయన ఏదో అనేలోపలే ఫోన్ చిట్టియ్య గారి చేతిలో పెట్టింది.

చిట్టియ్య గారు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నీళ్ళ వైపు తిరిగారు. "ఆయ్, నమస్కారమండి," అన్నారు. తర్వాత చాలాసేపు వింటూ ఉండిపోయారు. మధ్యమధ్యలో ఆయ్, ఆయ్ అన్నారు. ఒకసారి, ఆగిందండి, నిన్నటినుంచీ ఆగింది అన్నారు. చివరికి అలాగేనండి అని ఫోన్ తిరిగిచ్చారు. అప్పటికే అవతల పెట్టేశారు.

"ఏమన్నారు నాన్నా?" అని దీనమ్మ అడిగింది.

"ముందు వాన పడుతోందా అన్నారు. తర్వాత పంటు ఆగిందా అన్నారు. కొట్లో ఎవరో ఉన్నట్టున్నారమ్మా, పళ్ళేల సంగతి కూడా మాట్లాడారు. ఆఖర్ని, అమ్మాయికి ఐదింటి రైలు తప్పకుండా చూడండి అన్నారు."

"అంతేనాండి?" అంది ప్రసన్న.

"నాకు చాలమ్మా అది," అని చిట్టియ్య గారు జేబులోంచి తాళాలు తీశారు. "శనివారం దాకా ఎందుకు? రైలుకి ఇంకా గంటన్నర ఉంది."

చర్చిలో డ్రమ్ సెట్టు మీద దుప్పటి తేమకి వాసన వేస్తోంది. ప్రసన్న దాన్ని తీసి మడతపెట్టి పక్కన పెట్టింది. స్టూలు సరిచేసుకుని కూర్చుంది. దీనమ్మ కీబోర్డు ముందు నిలబడి, వెనక్కి తిరగకుండానే అంది.

"నిన్ను క్షమించానని అనుకోకు. పాటలు రావాలి కాబట్టి వాయిస్తున్నాను."

"సరే," అంది ప్రసన్న.

లోవ నాలుగంకెలు లెక్కపెట్టింది. మొదలుపెట్టిన ఎనిమిది సెకన్లలోనే ప్రసన్న తప్పింది. నెల రోజుల్లో కాలు బరువెక్కింది, మణికట్టు తిరగడం లేదు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే తప్పింది. నాలుగోసారి తప్పినప్పుడు లోవ, రేపు చూద్దామా అంది. ప్రసన్న వద్దంది. చున్నీ నడుముకి బిగించి కట్టుకుని, ఆ ఒక్క చోటు మాత్రం మెల్లగా, ఒంటరిగా, ఇరవై ముప్ఫైసార్లు వాయించింది. చిట్టియ్య గారు గుమ్మంలో నిలబడి వాచీ చూసుకున్నారు. ఆ తర్వాత ముగ్గురూ కలిసి వాయిస్తే పాట ఆ చోటు దాటి ముందుకు పోయింది. ఇంకోచోట ఆగింది, అది వేరే సంగతి. అప్పటికి రైలు వేళయింది. స్టేషనుకి నడుస్తూ దీనమ్మ తన గొడుగు సగం ప్రసన్న వైపు జరిపింది గానీ మాట్లాడలేదు. మాట్లాడడానికి ఇంకో వారం పట్టింది.

ఫ్రెషర్స్ డే ఆగస్టు నెలాఖరున వచ్చింది. ఆ లోపల శ్రావణం వచ్చి కొట్టులో ఊపిరాడని బేరం మొదలైంది. ఫ్రెషర్స్ డేకి నాలుగు రోజుల ముందు మురళీకృష్ణ కొట్టు ముందుకి వచ్చి నిలబడి, ప్రసన్న ఇంకా ఆ వాయింపుడు వాయిస్తోందా అన్నయ్యా అని నవ్వబోయాడు. నాగేశ్వరప్రసాద్ బిందె తుడుస్తూనే, వాయిస్తోందిరా, శుక్రవారం వాళ్ళ కాలేజీలో పెద్ద ఫంక్షను, నాకెలాగూ ఖాళీ లేదు, మీ వదినకి తోడుగా నువ్వు వెళ్ళి చూసిరా అన్నారు. ఎదురుగా నలుగురు కొనేవాళ్ళు ఉన్నారు. మురళీకృష్ణకి వెళ్ళక తప్పలేదు.

శుక్రవారం కాలేజీ ఆవరణలో షామియానా వేశారు. చర్చిలోంచి డ్రమ్ సెట్టు ఆటోలో వచ్చింది. జగదాంబ రెండో వరసలో సూర్యకళ గారి పక్కన కూర్చుంది. మొదటి పాట బాగా కుదిరింది. రెండో పాట సగంలో చెమటకి ప్రసన్న ఎడమ చేతిలో స్టిక్ జారి స్టేజి అంచుదాకా దొర్లిపోయింది. ముందు వరసల్లో ఎవరో నవ్వారు. దీనమ్మ కంగారుగా ఇటు చూసింది. ప్రసన్న తల ఊపింది, ఆపొద్దు అన్నట్టు. మిగిలిన పాటంతా కుడిచేత్తో, రెండు కాళ్ళతో లాక్కొచ్చింది. ఎక్కడ ఏ దెబ్బ వదిలేయాలో, ఏది వదలకూడదో అప్పటికప్పుడు ఎంచుకుంటూ పోయింది. పాట తాళం తప్పలేదు. అయ్యాక లేచి వెళ్ళి ఆ స్టిక్ తెచ్చుకుని, పంజాబీ డ్రెస్సుకి చేతులు తుడుచుకుని, మూడో పాటకి కూర్చుంది. ఈసారి చప్పట్లు పాట మొదలవకముందే వచ్చాయి.

మురళీకృష్ణ సాయంత్రం కొట్టుకి వచ్చి, చెవులు గింగురుమంటున్నాయని చెప్పాడట. నాగేశ్వరప్రసాద్ ఎంతసేపు వాయించిందని అడిగారట. ఇరవై నిమిషాలంటే, అంతసేపా అన్నారట.

కొట్టు మూసి ఇంటికొచ్చాక ఆయన కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు. ప్రసన్న తనే దగ్గర కూర్చుని మూడు పాటల సంగతీ చెప్పింది. స్టిక్ జారిపోయిన సంగతి కూడా దాచలేదు. ఆయన వింటూ అన్నం కలుపుకున్నారు.

"అలాంటివి ఇంకో జత పక్కన పెట్టుకోరా?" అన్నారు.

"పెట్టుకోవాలండి. నాకు తోచలేదు."

"పెట్టుకో," అని ఆయన మజ్జిగ అడిగారు. తర్వాత, మళ్ళీ ఎప్పుడు వాయిస్తున్నారని అడిగారు.

ఇంకా ఎవరూ పిలవలేదని ప్రసన్న చెప్పింది. పిలిచేదాకా ప్రతి శనివారం సాధన ఉంటుందని, రెండో పాట మొత్తం మళ్ళీ కొత్తగా కట్టుకుంటున్నామని, అందుకని రేపు మూడింటి దాకా కాదు, ఆరింటి దాకా ఉంటానని, ఆరున్నర బస్సుకి వస్తానని చెప్పింది. అడగలేదు, చెప్పింది. జగదాంబ మజ్జిగ గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది.